పొడి బరువు

సావా నది ఒడ్డున స్లావొన్స్కీ బ్రోద్ ఆసుపత్రి.
సోమ, బుధ, శుక్రవారాలు తెల్లవారకముందే
పల్లెల నుంచి వ్యాను వస్తుంది.
ఆరుగురు దిగుతారు.
పోయిన చలికాలం ఎనిమిది మంది.

నేను డాక్టర్ని కాను, సూది గుచ్చను.
నా చేతిలో ఒక కొలతటేపు, దర్జీ మెడలో ఉండేలాంటిది,
ఒక నోటుబుక్కు.
ఎవరేం తిన్నారో అడగడం నా ఉద్యోగం.
ఎవరూ నిజం చెప్పరు.

మూడో కుర్చీ మాండాది, పంతొమ్మిదేళ్లుగా.
ఎడమచేతి నరం తాడులా పైకి లేచింది,
చెవి ఆనిస్తే లోపల తేనెటీగల రొద.

మొదట్లో చెప్పింది నేనే:
బంగాళాదుంపలు కోసి రెండు నీళ్లలో నానబెట్టు, నీళ్లు వంపెయ్యి.
టమాటా వద్దు. ఎండు ఆల్బుకరా వద్దు.
చిక్కుడుగింజల పులుసు, పోనీ, పండగకి రెండు చెంచాలు.
దాహమేస్తే మంచుముక్క చప్పరించు.
నోరు కట్టుకో మాండా, నోరు కట్టుకో.
కట్టుకుంది.
ముడి ఎంత గట్టిగా వేసిందంటే
ఇవాళ విప్పబోతే నా గోళ్లు విరుగుతున్నాయి.

నీరంతా తోడేశాక మిగిలేదాన్ని
పొడి బరువు అంటాం మేము.
అంటే మనిషిలో మనిషి ఎంత అని.
మాండాది యాభై ఎనిమిది.
మూడేళ్లుగా యాభై ఎనిమిదే.
డాక్టరు తలూపాడు, నర్సు రాసుకుంది,
నేనూ నమ్మాను.

మొన్న జబ్బకి టేపు చుట్టాను.
నాలుగు సెంటీమీటర్లు తక్కువ.
కండ కరిగిన చోటల్లా నీరు వచ్చి కూర్చుంది,
ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ల గదుల్లో
వరద కాపురం పెట్టినట్టు.
త్రాసు అబద్ధమాడలేదు.
ఎవరి బరువో చెప్పలేదు, అంతే.

ఆల్బుమిన్ ముప్పై ఒకటి.
ఆ అంకె దాకా దిగినవాళ్ల పేర్లు
నా నోటుబుక్కు ముందు పేజీల్లో ఉన్నాయి.
ఐదో కుర్చీ ఇవ్షాను చూస్తే
బజార్లో అందరూ నవ్వుతారు, ఆ బొజ్జేమిటని.
ఇక్కడది చూరు కింద పేర్చుకున్న కట్టెలమోపు.
చలి ఎన్నాళ్లో తెలియని చోట
కట్టెలున్నవాడికే ఇంకో రాత్రి.

"రొట్టె తింటున్నావా?" అడిగాను.
కిటికీ వైపు తిరిగింది.

వాళ్ల ఊరి గోధుమచేలలో ఒక కలుపుమొక్క.
తోడేలు అడుగు అంటారు దాన్ని.
కోతల్లో గింజ గింజతో కలిసింది,
మరలో పిండి పిండితో కలిసింది.
మామ పోయాడు. భర్త స్టిపాన్ పోయాడు.
గోడ అవతలి యాగా, ఆమె ఇద్దరు తమ్ముళ్లు.
అందరివీ కిడ్నీలే.
ఏళ్ల తరబడి బావిని అనుమానించారు,
వంశాన్ని, దేవుణ్ణి అనుమానించారు.
రొట్టెని ఎవరనుమానిస్తారు?

"ఈ చేతుల్తోనే పిసికాను," అంది మాండా.
"వేడివేడిగా నేనే కోసి పెట్టాను."

ఆకలి రుచి ఎరుగదంటారు.
ఈమె ఆకలికి అన్నీ తెలుసు.
నేనేమో గ్రాముల లెక్క చెప్పాను,
కిలో బరువుకి ఇంత మాంసకృత్తులని.
చెబుతూండగానే సిగ్గేసింది.

శుక్రవారం ఇంటి నుంచి గుడ్లు ఉడకబెట్టి తెచ్చాను.
మిషను తిరుగుతుండగా తినకూడదని పాత నియమం,
బీపీ పడిపోతుందని.
నర్సు యద్రాంకా చూసింది,
చూడనట్టు బీరువా సర్దుకోసాగింది.
పెంకు నేనే ఒలిచాను,
సూదులున్న చెయ్యి కదపకూడదు కదా.
తెల్లసొన మొదట.
చాలాసేపు నమిలింది,
మర్చిపోయిన పేరేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

తెర మీద ఇంకా గంటా నలభై నిమిషాలు.
"ఉప్పు లేదు," అంది.
"ఉండదు," అన్నాను.

కిటికీ బయట వ్యాను డ్రైవరు
అద్దం మీది మంచు గీకుతున్నాడు.
అటే చూస్తూ, కాసేపటికి:
"ఇంకోటి ఉందా?"